మొదటి ధార

2023 మే నెల. నూజివీడులో మామిడి సీజన్ ముమ్మరంగా ఉంది. బస్టాండు దగ్గర రెండు గదుల ల్యాబ్ మాది. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఏ శాంపిల్ ఎలా తీసుకోవాలో నాకు ఒకరు చెప్పక్కర్లేదనుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే ఒక జంట వచ్చారు. పేర్లు మార్చి చెబుతున్నాను. సతీష్ వాళ్లది మామిడి కమీషన్ వ్యాపారం. సీజన్ మొదలైతే లోడ్ల వెంట నాగపూర్, ఢిల్లీ తిరుగుతుంటాడు. భార్య రమ్యది చాట్రాయి. పెళ్లయి మూడేళ్లు. ఆమెకి పొత్తికడుపు నొప్పి తగ్గడం లేదని డాక్టరుగారు ఇద్దరికీ క్లమీడియా పరీక్ష రాశారు. అది లైంగిక సంబంధం వల్ల సోకే జబ్బు. చాలామంది మగవాళ్లకి ఏ బాధా ఉండదు కాబట్టి తమకి ఉన్న సంగతే తెలియదు.

ఆ సూక్ష్మజీవి కణాల లోపల దాక్కుంటుంది. గ్రామ్ స్టెయిన్ చేసి, అంటే రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే చీము కణాలు కనబడతాయి గానీ అది కనబడదు. మామూలు కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్షలో, పెరగదు. అందుకే న్యాట్ చేస్తారు. అది సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని వెతికి పట్టే పరీక్ష. మగవాళ్లకి ఒకప్పుడు మూత్రనాళంలోకి స్వాబ్, అంటే సన్నటి దూదిపుల్ల పెట్టి శాంపిల్ తీసేవారు. ఇప్పుడు మూత్రం చాలు. కాకపోతే కనీసం గంటసేపు మూత్రానికి వెళ్లకుండా ఆగి, మొదట వచ్చే ధారనే పట్టాలి. నాళంలో ఉన్న జబ్బు ఆనవాళ్లు దాంతోనే కొట్టుకొస్తాయి.

ఇదంతా నాకు తెలుసు. కానీ చెప్పలేదు. సతీష్ తలెత్తి చూడలేదు, నాకూ మొహమాటం వేసింది. డబ్బా చేతికిచ్చి "పట్టుకు రండి" అని ఊరుకున్నాను. బాత్రూం తలుపు మీద, కల్చర్ పరీక్షల కోసం అంటించిన కాగితం ఉంది. మొదట కొంచెం వదిలేసి మధ్యలోది పట్టమని రాసి ఉంటుంది దాని మీద.

శాంపిళ్లు హైదరాబాదు పంపాం. రిపోర్టుల కోసం ఆగకుండా డాక్టరుగారు ఇద్దరికీ మందులు మొదలుపెట్టారు. నాలుగో రోజున రిపోర్టులొచ్చాయి. రమ్యకి పాజిటివ్. సతీష్‌కి నెగటివ్. అతనే వచ్చి రెండూ తీసుకెళ్లాడు.

పది రోజుల తర్వాత రమ్య ఒక్కతే వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"అక్కా, మావాడికి లేనిది నీకెక్కణ్ణుంచి వచ్చిందంటోంది మా అత్తగారు. నిన్న నన్ను చాట్రాయి పంపించేశారు. ఆయన తప్ప నాకింకెవరూ తెలీదక్కా. మిషనేమైనా తప్పు చెప్పిందేమో చూడండి."

అప్పుడు నాకు అనుమానమొచ్చి సతీష్‌కి ఫోన్ చేశాను.

"ఆ రోజు శాంపిల్ ఎలా పట్టారండీ?"

"తలుపు మీద రాసుంది కదండీ, మధ్యలోది పట్టాను. కంగారులో అంతకుముందే ఓసారి వెళ్లొచ్చాను కూడా. ఏం, ఏమైందండీ?"

ఫోన్ పెట్టేసి డాక్టరుగారికి విషయం చెప్పాను. ఆ శాంపిల్ పరీక్షకి పనికిరాదని ల్యాబ్ తరఫున రాసిచ్చాను. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఈ పరీక్షతో తేలదని డాక్టరుగారు కూడా రాశారు. "మీరే వెళ్లి చెప్పండక్కా, మీ మాటైతే వింటారు" అని రమ్య బతిమాలితే, ఆ కాగితాలు పట్టుకుని సతీష్ వాళ్లింటికి వెళ్లాను.

"తప్పు నాదండీ. ఆ నెగటివ్‌ని నమ్మడానికి లేదు" అన్నాను అత్తగారితో.

"అయితే మళ్లీ చెయ్యండి. తేలిపోతుంది."

"మందులు వాడేశారు కదండీ. జబ్బు అప్పుడున్నా ఇప్పుడు కనబడకపోవచ్చు."

"అంటే మీరు చెప్పేదానికి రుజువు లేదన్నమాట. మా దగ్గర కాగితం ఉందమ్మా."

సతీష్ అక్కడే కూర్చుని ఉన్నాడు. అతని వైపు చూశాను. అతను ఒక్క మాట అంటే చాలు. ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. గేటు దాకా వచ్చి మాత్రం మెల్లిగా, "ఇంతటితో వదిలేయండి మేడమ్" అన్నాడు. అతనికి ఏం తెలుసో, ఏం దాచాడో నాకు ఈరోజుకీ తెలియదు.

రమ్య మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. రెండేళ్లలోపే విడాకులయ్యాయి. ఆ జబ్బు వల్ల గర్భనాళాలు రెండూ మూసుకుపోయాయని తెలిసింది. చాట్రాయి బస్సులో ఒకసారి కనబడింది. ఏం మాట్లాడాలో తోచక నేను తడబడుతుంటే, "మీరు మాత్రం ఏం చేస్తారులే అక్కా" అని కిటికీ వైపు తిరిగిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఈ పరీక్షకి ఏ మగవాడొచ్చినా ఎదురుగా కూర్చోబెట్టి, ఎంతసేపు ఆగాలో, ఏ ధార పట్టాలో విడమరిచి చెబుతాను. వాళ్లు సిగ్గుపడినా నేను సిగ్గుపడను. నెగటివ్ అంటే జబ్బు లేదని కాదు, మేం చూసిన శాంపిల్‌లో దొరకలేదని మాత్రమేనని కూడా చెబుతాను. ఆ నాలుగు మాటలకి రెండు నిమిషాలు పట్టదు. నేను నేర్చుకున్న పాఠం వచ్చినవాళ్లందరికీ పనికొస్తోంది, రమ్యకి తప్ప.