పందిరిమంచం మీద లవ్ బర్డ్స్

నేను కాపరానికి వచ్చిన రోజున మా మామగారు నాకు ముందుగా చూపించింది దేవుడి గూడు కాదు, పిట్టల గూడు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలకు వెళ్ళే రోడ్డు నుంచి కాస్త లోపలగా ఉండేది మా ఇల్లు. పెరట్లో సగం ఆ గూడే ఆక్రమించింది. చుట్టూ ఇనుప జాలీ, పైన రేకులు, లోపల ఎండుకొమ్మలు, వాటికి వేలాడే కుండలు. కుండల్లో లవ్ బర్డ్స్, పై అరల్లో పావురాలు.

“ఇదిగోమ్మా, వీళ్ళు మనోళ్ళు” అన్నారాయన. సొంత కొడుకును ఆయన అంత ప్రేమగా ఎవరికైనా పరిచయం చెయ్యడం నేను తర్వాత కూడా చూడలేదు.

మామగారు బట్టీలో మేస్త్రీ. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమలతో సహా తెల్లగా ఉండేవారు. ఆ సున్నం కడుక్కోకముందే గూటి దగ్గరికి వెళ్ళి ఎవరు తిన్నారు, ఎవరు అలిగారు అని విచారించేవారు. మా ఆయన లారీ డ్రైవరు. కొడుకు ఏ ఊళ్ళో ఉన్నాడో, తిన్నాడో లేదో మామగారికి పట్టేది కాదు. పిట్టలకు మాత్రం కొర్రలు, సజ్జలు చెరిగి, రాళ్ళు ఏరి పెట్టాలి. ఇప్పుడు నా డాక్టరు నన్ను తినమంటున్న కొర్రలు అవే. అప్పట్లో మేం తెల్లన్నం తిని గొప్పగా ఫీలయ్యేవాళ్ళం, ఆరోగ్యం పిట్టలకు పోయేది.

మా దగ్గర ఎండాకాలం రేకు కింద ఉన్న ప్రాణి ఏదైనా అప్పడం అవుతుంది. అందుకని మామగారు రేకుల మీద తాటాకులు పరిచి, జాలీకి గోనెపట్టాలు కట్టేవారు. వాటిని తడుపుతూ ఉండే పని అత్తయ్యది. నేను వచ్చాక అది నాకు దక్కింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫాను మధ్యాహ్నం కరెంటు ఉంటే గూటి ముందు తిరిగేది.

“ఏందయ్యో, చెమటకాయలతో నా వీపు మండిపోతంటే ఫాను పిట్టలకా?” అని అత్తయ్య ఒకరోజు నిలదీసింది.

“అవి నోరు తెరిచి ఒగరుస్తన్నయ్యే. నువ్వు ఒగరుస్తన్నావా?”

అత్తయ్య వెంటనే నోరు తెరిచి ఒగర్చి చూపించింది. మామగారు జాలిగా చూశారు గానీ ఫాను కదల్లేదు.

మా పక్కింట్లో ఒక సాయిబుగారు ఉండేవారు. లారీ మెకానిక్కు. మా ఆయన ఆయన్ని బాబాయ్ అనేవాడు కాబట్టి నాకు చిన్నమామయ్య. ఆయనకూ డాబా మీద పావురాల గూడు ఉంది. ఒకప్పుడు ఇద్దరూ గోడ మీద చేతులు ఆనించుకుని గంటలు గంటలు పావురాల గురించే మాట్లాడుకునేవారట. నేను వచ్చేనాటికి మాటల్లేవు. కారణం, మా గూట్లోని బూడిదరంగు ఆడపావురం ఒకటి ఎగిరి ఆయన గూట్లో చేరి, అక్కడే కాపురం పెట్టింది. సాయిబుగారు గింజలు చల్లి మళ్ళించుకున్నాడని మామగారు, మీ దగ్గర సుఖం లేకే వచ్చిందని ఆయన. ఎన్నికల్లో పార్టీ మారినవాళ్ళను జనం అంతగా తిట్టగా నేను వినలేదు. ఇక అప్పటినుంచి ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పదలుచుకున్నది గోడకు ఇవతల నుంచీ అవతల నుంచీ నాకు చెప్పేవారు.

ఆ ఏడు వానాకాలం వెళ్ళిపోతోందనుకుంటుండగా రేడియోలో తుఫాను అన్నారు. మా వీధిలో ఎవరూ లెక్కచెయ్యలేదు. సముద్రం ఎక్కడ, మేమెక్కడ? మామగారు మాత్రం ఆకాశం చూసి భయపడ్డారు. గూటి మీద కప్పడానికి లారీ టార్పాలిన్ కావాలి. అది సాయిబుగారి షెడ్డులో మడతపెట్టి ఉంది. అడగడం కన్నా చావడం నయమనుకున్న మామగారు ఎరువుల సంచులు తెప్పించి, వాటిని విప్పి, ఒకదానికొకటి కుట్టమని అత్తయ్యకూ నాకూ గోనెసూదులు ఇచ్చారు. చేతివేళ్ళు పొడుచుకుంటూ కుట్టాం. ఆయన దాంతో గూటిని నాలుగువైపులా మూటలాగా చుట్టి, తాళ్ళతో బిగించారు.

గోడ మీదుగా సాయిబుగారి తల లేచింది.

“అమ్మాయ్, మీ మామకు చెప్పు. గాలి పోయేదానికి సందు ఉంచమను. అట్టా మూసేస్తే గాలిపటం అయిద్ది.”

“అమ్మాయ్, ఆయనకు చెప్పు. మన గూడు నేల మీదుంది. డాబా మీద పెట్టుకున్నోళ్ళు ఏడవాల గాలికి.”

ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. ఇద్దరూ వినలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ గాలి మొదలైంది. వాన అడ్డంగా కొట్టింది. ఎరువుల సంచుల మూట పొట్ట ఉబ్బినట్టు ఉబ్బి, ఒక్కసారి తాళ్ళు తెంపుకుని, రెండు రేకుల్ని కూడా వెంటబెట్టుకుని లేచిపోయింది. మామగారు గూట్లోకి పరిగెత్తి మధ్య గుంజను వాటేసుకున్నారు. గూటిని ఆయన పట్టుకున్నారో, గూడు ఆయన్ని పట్టుకుందో తెలియదు. లవ్ బర్డ్స్ తడిసి, బొచ్చు అంటుకుపోయి, వేళ్ళంత అయిపోయి, జాలీ మూలల్లో వణుకుతున్నాయి.

“లోపలికి రండి మామయ్యా!” అని అరిచాను.

“నేనొదిలితే ఇది పోయిద్దమ్మా!”

అప్పుడు అత్తయ్య కొంగు నడుముకు దోపింది. ఆ పిట్టలు చస్తే పీడ పోతుందని రోజూ తిట్టే మనిషి. నేరుగా నా గదిలోకి వెళ్ళింది. పెళ్ళికి మా పుట్టింటివాళ్ళు ఇచ్చిన పందిరిమంచం అక్కడుంది, దాని మీద కొత్త దోమతెర. దాన్ని ఒక్క లాగు లాగి ఊడదీసి, వానలోకి దిగింది. దోమతెర ఒక కొస నాకిచ్చింది. చేపలు పట్టినట్టు మూలమూలకూ తోసుకుంటూ పిట్టల్ని పట్టాం. పట్టినవాటిని పట్టినట్టు నా గదిలోకి తెచ్చి, దోమతెర మళ్ళీ మంచానికి కట్టి లోపల వదిలాం. పావురాల్ని బట్టలగంపలో వేసి, పైన చాట మూసి తెచ్చాం. చివరికి మామగారిని కూడా అత్తయ్యే చెయ్యిపట్టి తెచ్చింది. ఆయన వదిలిన కాసేపటికి గూడు నిజంగానే పక్కకు ఒరిగిపోయింది.

తలుపు వేస్తుంటే గుమ్మం ముందు సాయిబుగారు. నీళ్ళు కారుతున్నాయి. చొక్కాలో, లుంగీ మడతలో, చంకలో పావురాలు. డాబా మీద గూడు చెక్కచెక్కగా విడిపోయిందట. ఆయన అడగలేక నిలబడ్డారు. మామగారు పిలవలేక నిలబడ్డారు.

“ఏంది, గడపకు అటొకరు ఇటొకరు దిష్టిబొమ్మల్లాగా? లోపలికి తగలడండి, తలుపెయ్యాల!” అని అత్తయ్య కసిరింది.

తగలడ్డారు. మామగారు కుంపటి రాజెయ్యబోతే, “పొగకు పిట్టలు ఊపిరాడక పోతాయని చెప్పమ్మాయ్” అన్నారు సాయిబుగారు నాతో. ఆయన అప్పటికి మామగారికి మూరెడు దూరంలో ఉన్నారు.

“నేను చెప్పను. ఇక్కడ గోడ లేదు” అన్నాను.

అత్తయ్య ఫక్కున నవ్వింది. మామగారు కుంపటి వదిలేసి పాత పంచెలు చించారు. ఇద్దరూ కింద కూర్చుని ఒక్కో పిట్టనూ అరచేతిలో పెట్టుకుని తుడవడం మొదలుపెట్టారు. నిప్పుల్లో పనిచేసి మొద్దుబారిన చేతులు ఒకరివి, గ్రీజు మరకల చేతులు ఒకరివి. నా పెళ్ళిలో పెట్టిన పట్టుచీర తప్ప ఇంట్లో ఉన్న మెత్తటి గుడ్డలన్నీ వాటికే అయిపోయాయి.

తుడిచి వదిలిన పావురాలు గదిలో తలో చోటా ఎగిరి కూర్చున్నాయి. కాస్త ధైర్యం వచ్చాక ఇద్దరికీ పాత గొడవ గుర్తొచ్చింది.

“ఏదయ్యా, మా దాన్ని తెచ్చావా?” అన్నారు మామగారు.

“తేకుండా వస్తనా అన్నా? అదిగో, అటక మీద.”

“అది కాదు. మాది మంచం పందిరి మీద కూచున్నది.”

“అన్నా, అది మగది!”

మామగారు లేచి దగ్గరికి వెళ్ళి చూశారు. అది నిజంగానే మగదే. సాయిబుగారు అటక మీద చూపించిందేమో అసలు మా గూట్లోంచి మేం ఇప్పుడే గంపలో తెచ్చింది. ఏ పావురం కోసం ఇన్నాళ్ళూ మాట్లాడుకోలేదో దాన్ని ఇద్దరిలో ఒక్కరూ గుర్తుపట్టలేకపోయారు. అత్తయ్య ఇద్దరికీ తలో గ్లాసు టీ ఇచ్చి, “ఇంతోటి సంబడానికేనా?” అని మాత్రం అంది.

వాన ఆ మర్నాడు కూడా కురిసింది. ఇల్లంతా రెట్టల వాసన. దేవుడి పటాల మీద ఒక పావురం కూర్చుని అందరు దేవుళ్ళకూ సమంగా అభిషేకం చేసింది. లవ్ బర్డ్స్ కొన్ని మాత్రం తేరుకోలేదు. ఒక్కొక్కటీ ఒళ్ళంతా ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని, దోమతెర అంచున ఒరిగిపోయింది. మామగారు వాటిని తువ్వాల్లో చుట్టి పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గదిలో తిరిగారు. వాన తగ్గాక ఆయనా, సాయిబుగారూ కలిసి పెరటి గోడ వెంబడి గుంట తీశారు. ఆ పూట ఎవరూ హాస్యాలాడలేదు.

దారిలో నీళ్ళు అడ్డంపడి ఆగిపోయిన మా ఆయన అప్పుడొచ్చాడు. తిన్నగా గదిలోకి వెళ్ళి, అంతే వేగంగా బయటికొచ్చాడు.

“మంచం మీద ఎవరే?”

“మనోళ్ళు” అన్నాను.

“మరి నేనెక్కడ పడుకోవాల?”

“లారీ ఉందిగా” అని మామగారు, సాయిబుగారు ఒకేసారి అన్నారు.

కొత్త గూడు ఇద్దరూ కలిసే కట్టారు. గాలివాటం ఉన్న రెండు పక్కలా సున్నపురాయితో గోడ, మిగతా వైపులా జాలీ, రేకులు వాలుగా వేసి బోల్టులు బిగించారు. టార్పాలిన్ను తెరలాగా చుట్టి పైకి కట్టి, వాన వస్తే దించేటట్టు అమర్చారు. కింద జానెడు సందు వదిలారు. ఎవరు వదలమన్నారన్న దానిమీద వాళ్ళలో వాళ్ళు చాన్నాళ్ళు వాదించుకున్నారు, ఈసారి నేరుగానే.

తెర దించే అధికారం మాత్రం అత్తయ్య తీసుకుంది. మబ్బు పడితే చాలు, పొయ్యి మీద కూర వదిలేసి పెరట్లోకి పరిగెత్తేది. మామగారు బట్టీ నుంచి వచ్చేసరికి తాడు ముడి వేసి ఉండేది. ఆయన ఆ ముడి పట్టుకుని చూసి, “ఇదేం ముడే? పసుపుతాడు కట్టినట్టు కట్టావు” అని సణుగుతూ, విప్పకుండా వదిలేసేవారు.