మరిదిగారి సిద్ధాంతం, చెల్లెలి కుట్టుమిషను

మా మరిది గొప్ప ఆర్థికవేత్త. పెద్ద బహుమతి వచ్చిందని పేపర్లో ఫొటో కూడా వేశారు. ఆ ఫొటోలో ఆయన తొడుక్కున్న కోటుకు చేతులు సరిచేసి, లోపలి గుడ్డ మార్చి నిలబెట్టింది మా చెల్లెలు. పేపరు వాళ్లకు ఆ సంగతి అక్కర్లేదు గనుక నేను రాస్తున్నాను.

నాది మూడో తరగతి చదువు. అయినా ఆయన సిద్ధాంతం నాకు బాగానే అర్థమైంది. మనిషికి ఏం కావాలో నోటితో అడగకూడదట, నోరు అబద్ధమాడుతుందట. ఏది తీసుకుంటాడో చూస్తే చాలు, అదే అతని ఇష్టమట. ఇది కనిపెట్టడానికి ఆయనకు సగం జీవితం పట్టింది. అంతకాలమూ ఎదురుగా కనపడింది మా చెల్లెలే. తను మాడిన రొట్టె ముక్క పళ్లెంలో వేసుకుంటే, ఈవిడకు మాడిందే ఇష్టం అనుకున్నాడు మహానుభావుడు. మంచి ముక్కలు ఎవరి పళ్లెంలోకి పోయాయో మాత్రం చూసుకోలేదు.

చెల్లెలు బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మిషను వంటింటికీ స్నానాలగదికీ మధ్య నడవలో ఉండేది. పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. నీలం గుడ్డ మీద నీలం దారం కంటికి ఆనక జేబులు వంకరపోవడం మొదలైంది. వెలుతురులోకి మారమని, లేదంటే కుట్టడం మానుకోమని కళ్ల డాక్టరు తేల్చి చెప్పాడు. మానుకుని ఏం చేస్తుంది, మొగుడి ఉపన్యాసాలు వింటుందా?

అదే సమయానికి వాళ్లింట్లో అద్దెకిచ్చిన కిటికీ గది ఖాళీ అయింది. చెల్లెలు నోరు తెరిచి అడిగింది. అందులో బహుమతి కోసం అద్దాల బీరువా పెట్టిస్తానన్నాడు మరిది.

"నీకు నడవే ఇష్టం కదా, ఇన్నేళ్లూ అక్కడే కూర్చున్నావు," అన్నాడు.

వేళాకోళమనుకున్నాను. కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆయన సన్మానానికని వేరే ఊరెళ్లగానే చెల్లెలు నాకు ఫోను చేసింది. మిషను తల నేను మోశాను, ఇనప స్టాండు తను ఈడ్చింది. ఇద్దరం ఒగరుస్తూ కిటికీ కింద బిగించాం.

ఆయన తిరిగొచ్చి చేతిలో పెట్టెతోనే గుమ్మంలో నిలబడిపోయాడు. ముందు నా వైపు చూశాడు, ఇదంతా వదినగారి చలవే అన్నట్టు.

"నన్నొక్క మాట అడగొచ్చుగా," అన్నాడు.

చెల్లెలు తల ఎత్తకుండా సూదిలో దారం ఎక్కించింది.

"అడిగేది లెక్కలోకి రాదని మీరే రాశారుగా. ఏం తీసుకున్నానో చూసుకోండి."

ఆయన పెట్టె కింద పెట్టాడు. ఆ తర్వాత, మరి బీరువా ఎక్కడ పెట్టాలని నన్నడిగాడు. నడవ ఖాళీగానే ఉందన్నాను.