బాతు ఫోను, పాము చెవులు

ప్రపంచంలో ఎవరికీ అక్కర్లేని వస్తువు ఒకటి అమ్ముడుపోయిందంటే, దాన్ని మా బాబాయి కొన్నాడని అర్థం. ఇంటర్నెట్‌లో మనం మొదటి పేజీ చూసి వదిలేస్తాం. ఆయన నలభయ్యో పేజీ దగ్గర మొదలుపెడతాడు. వీధిలో ఆయన్ని పార్సిల్ బాబాయి అంటారు. ఓ వారం పార్సిళ్లేవీ రాకపోతే కొరియర్ అతను కంగారుపడి, ఒంట్లో బాగుందా అని కనుక్కోవడానికి వచ్చాడు.

బాబాయి ముప్ఫై ఏళ్లు లిఫ్ట్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి తలుపు ఇవతలి నుంచి "రెండే నిమిషాలు" అని చెప్పీ చెప్పీ, తొణక్కుండా అబద్ధమాడటం ఆయనకి బాగా అలవాటైపోయింది. ఆ రెండు నిమిషాలు కొందరికి మూడు గంటలయ్యేవి.

వాళ్లింటి బెల్లు సంగతి చెప్తాను. కూల్చేసిన ఏదో భవనం లిఫ్టులోంచి ఊడదీసిన అంకెల పలకలు రెండు సంపాదించి, హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి బిగించాడు. గుమ్మం దగ్గర మనం మీట నొక్కితే లోపల తొమ్మిది, ఎనిమిది, ఏడు అంటూ ఎర్రదీపాలు దిగుతూ వస్తాయి. వాళ్లదేమో ఒక్క అంతస్తు ఇల్లు. దీపం కిందిదాకా దిగాక మా పిన్ని వచ్చి తలుపు తీస్తుంది.

"ఈ మనిషికి బుర్ర తిరిగిందే," అంటుంది నన్ను లోపలికి రానిస్తూ. అది ఆవిడ పలకరింపు.

లోకమంతా వదిలేసిన ఫ్యాక్స్ మిషన్లని బాబాయి పట్టుకున్నాడు. ఆయన కుర్చీ పక్కన ఒకటి, వంటింట్లో ఒకటి. మధ్య దూరం పన్నెండు అడుగులు. ఆయన కాగితం మీద "టీ?" అని రాసి పంపిస్తాడు. వంటింట్లో మిషన్ మీద పచ్చదీపం గిర్రున తిరిగి కాగితం బయటికొస్తుంది. పిన్ని చదివి, "ఇందాకే తాగారు" అని రాసి పంపిస్తుంది. ఆవిడ రిటైరైన టీచరు కాబట్టి, ఆయన రాసినదాంట్లో తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది మరీ పంపిస్తుంది.

"నోటితో అడగొచ్చుగా బాబాయి?" అన్నాను ఓసారి.

"నోరు అరిగిపోతుందే అమ్మడూ."

కుక్కర్ ఈల వేస్తే జెండా ఎత్తే రేకు బొమ్మ ఉంది. మోగకుండా మంచాన్నే కుదిపేసే అలారం ఉంది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఓ మధ్యాహ్నం వాళ్లింట్లో కునుకు తీస్తూ, భూకంపం వచ్చిందనుకుని దుప్పటితో సహా వీధిలోకి పరిగెత్తాను. ఆ వీధిలో ఇప్పటికీ నన్ను చూసి నవ్వేవాళ్లున్నారు. అన్నిటికీ మించి, పసుప్పచ్చ బాతు ఆకారంలో ఓ ఫోను ఉంది. అది మోగదు, క్వాక్‌క్వాక్‌మంటుంది, కళ్లు ఎర్రగా మిటకరిస్తుంది. పెద్దమనిషన్నవాడు బాతు ముక్కు చెవికి ఆనించుకుని మాట్లాడుతుంటే మనమెటు చూడాలో తెలీదు.

ఏది కొన్నా "నా సరదా, నా కోసమే" అంటాడు. అక్కడితో మాట అయిపోయిందని మనం అనుకోవాలి.

పోయిన నెల పిన్ని ఓపిక అయిపోయింది. ఆవిడ దగ్గర చదువుకున్న పాత విద్యార్థులు ఇరవైమంది కలిసి ఆదివారం చూడటానికి వస్తామని కబురు పెట్టారు. బడిలో పిన్ని పేరు పాముచెవుల టీచరు. ఆఖరి బెంచీలో ఎవరు గొణిగినా, బోర్డు మీద రాస్తూనే పేరు పెట్టి లేపేదట. ఆ పేరంటే ఆవిడకి ప్రాణం.

"వాళ్లొచ్చేసరికి ఈ ఇల్లు ఇల్లులా ఉండాలి. టీచరుగారు పాత సామాన్ల కొట్టులో కాపురముంటోందని అనుకుంటే నా పరువేం కావాలి?" అంది నాతో. "నువ్వే తీయించెయ్యవే. నేను చెప్తే ఆయన నోట్లోనే ఏదో అంటారు. ఈమధ్య అందరూ అంతే, నోరు తెరిచి మాట్లాడటం ఒక్కరికీ రావట్లేదు."

నాకు భూకంపం కక్ష ఉండనే ఉంది. శనివారం పొద్దున్నే పాత సామాన్ల అతన్ని వ్యానుతో సహా పిలిపించాను. బాబాయి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"రెండే నిమిషాలు, అమ్మడూ."

"నీ రెండు నిమిషాల సంగతి నాకు తెలుసు, తప్పుకో."

తప్పుకున్నాడు. పలకలు, ఫ్యాక్సులు, రేకు బొమ్మ, అలారం, బాతు, అన్నీ వ్యానెక్కాయి. "బెల్లొక్కటీ ఉంచవే," అన్నాడు మెల్లగా. నేను వినలేదు. పక్క వీధిలో ఇంకో ఇంటి సామాను ఎక్కించుకుని పోతానని వ్యాను కదిలింది.

మర్యాదస్తుల ఇళ్లలో ఉండే మామూలు బెల్లు నేనే కొనుక్కొచ్చాను. బిగించి, పరీక్షిద్దామని బయటికొచ్చి నొక్కాను. పిట్ట కూత వీధిదాకా వినబడింది. తలుపు తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. ఐదుసార్లు నొక్కి, విసుగొచ్చి వంటింటి కిటికీలోంచి తొంగిచూశాను.

పిన్ని నాకు వీపు పెట్టి కూర్చుని బీన్స్ తరుగుతోంది. ఆవిడ పక్కనే కుక్కర్ నాలుగో ఈల వేసింది. మూడో ఈలకి ఆపకపోతే అన్నం ముద్దయిపోతుందని నాకు నేర్పింది ఆవిడే. ఐదోది వేసింది. పిన్ని తాపీగా ఇంకో బీన్స్ కాయ తీసుకుంది.

నాకు అప్పటికి వెలిగింది. ఆ ఇంట్లో ఏ వస్తువూ ఉత్తినే మోగి ఊరుకునేది కాదు. వెలిగేది, ఊగేది, జెండా ఎత్తేది, కాగితం కక్కేది. అవన్నీ నేనే దగ్గరుండి వ్యానెక్కించాను. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

అప్పటిదాకా వాకిట్లో ఉన్న బాబాయి గబగబా లోపలికెళ్లి కుక్కర్ కట్టేసి, అరుగు మీదికొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఎన్నాళ్లయింది బాబాయి?"

"రెండేళ్లు. ఎదురుగా నిలబడి మాట్లాడితే అందుతుంది. వెనకనుంచి అయితే లేదు."

"డాక్టరుకి చూపించలేదా?"

"నా చెవులు చూపించుకోవాలని వంక పెట్టి మీ పిన్నిని తోడు తీసుకెళ్లాను. డాక్టరు నా చెవులు చూసి, తనని కూడా మీరూ కూర్చోండమ్మా అన్నాడు. నావి పాము చెవులండీ అని లేచొచ్చేసింది. నాకు మాత్రం రెండు చెవుల్లోనూ చుక్కలు వేసి పంపించాడు."

"మరి ఆ బాతెందుకు?"

"ఓసారి ఫోన్లో ఎవరితో అని అడిగింది. ఊరికే బాతాఖానీ అన్నాను. బాతు కొన్నారా, ఏదీ అంది. తప్పు విన్నావని ఆ ముఖం మీద ఎలా అనను? రెండే నిమిషాలు, చూపిస్తానన్నాను. అది రావడానికి పదకొండు రోజులు పట్టింది."

నాకు నవ్వూ ఆగలేదు, ఏడుపూ ఆగలేదు.

"తనకి మాత్రం చెప్పకు," అన్నాడు గొంతు తగ్గించి. "తెలుసుకోవాలనుకున్నప్పుడు తనే తెలుసుకుంటుంది. అందాకా పిచ్చి నాదే."

"చెప్పను."

కిటికీ రెక్క తెరుచుకుంది. "ఏమిటా గుసగుసలు? నాకిక్కడికి అన్నీ వినబడుతున్నాయి," అంది పిన్ని విజయగర్వంతో. "చెప్పులేమిటి?"

"అదేనే, నా చెప్పులు. ఎక్కడ పెట్టానో కనబడట్లేదు," అన్నాడు బాబాయి. చెప్పులు ఆయన కాళ్లకే ఉన్నాయి. ఆ మాట అంటూనే వాటిని విడిచి, మడమతో అరుగు పక్కనున్న బల్ల కిందికి నెట్టేశాడు.

"చూశావా, నా దగ్గర దాగదు," అంది పిన్ని నాతో.

నేను పక్క వీధికి పరిగెత్తాను. ఈసారి దుప్పటి లేదు గానీ, జనం నవ్వడం మాత్రం మానలేదు. వ్యానుకి అడ్డంపడి సామానంతా వెనక్కి తెచ్చాను.

"పాత సామాన్ల అతను వద్దన్నాడు పిన్నీ. ఇంత చెత్త తన జన్మలో చూడలేదన్నాడు." నాకూ తొణక్కుండా అబద్ధమాడటం వచ్చని అప్పుడే తెలిసింది.

"విన్నారా?" అంది బాబాయితో. ఆయన అప్పటికే స్టూలెక్కి పలక బిగిస్తున్నాడు.

ఆదివారం మీట నొక్కగానే దీపాలు దిగాయి. రెండోసారి నొక్కేలోపే పిన్ని తలుపు తీసింది. "మా టీచరు చెవులు ఇంకా అలాగే ఉన్నాయి," అన్నాడు బట్టతల విద్యార్థి ఒకడు. పిన్ని ముఖం వెలిగిపోయింది. ఇంటి సామాను చూసి ఎవరూ ముఖం చిట్లించలేదు. ఇరవైమందీ ఫ్యాక్సు దగ్గర వరుసకట్టి వంటింట్లోకి ఉత్తరాలు పంపించారు. పిన్ని అన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపించింది. పదికి ఆరు దాటినవాడు ఒక్కడూ లేడు.

ఆ వారమే పార్సిల్ వచ్చింది. చప్పట్లు కొడితే ఎక్కడున్నా మినుకుమినుకుమని వెలిగే చెప్పులు. అరవై ఎనిమిదేళ్ల మనిషి అవి వేసుకుని వీధిలో తిరుగుతున్నాడు.

"ఈ మనిషికి బుర్ర తిరిగిందే," అంది పిన్ని.

ఇప్పుడు ఆ ఇంట్లో నేను చాలా జాగ్రత్తగా మాట్లాడతాను. అయినా నిన్న నోరు జారాను. వెళ్లేసరికి ఆలస్యమైంది. పిన్ని అటు తిరిగి బట్టలు మడతపెడుతోంది.

"ఏమనుకోకు పిన్నీ," అన్నాను.

పిన్ని చటుక్కున ఇటు తిరిగింది. "ఏనుగా? ఏదీ?"

నేను బాబాయి వంక చూశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, లేచి కంప్యూటర్ దగ్గరికి నడిచాడు.

"రెండే నిమిషాలు," అన్నాడు.