మా తమ్ముడు కుదిర్చిన నడక

మా తమ్ముడు పోయాడు. సూరత్ పక్కన కడోదరాలో ఒక మిల్లులో చీరల డిజైన్లు చూపిస్తూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. మిల్లు సేఠ్ ఫోన్ చేసి “బెన్, జల్దీ ఆవో,” అక్కా తొందరగా రండి, అన్నాడే గాని సంగతి చెప్పలేదు. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

వాడిది చీరలకు అంచులు, పువ్వులు కంప్యూటర్ మీద గీసే పని. పెళ్లి చేసుకోలేదు. మా ఇంటి పై గదిలో ఉండేవాడు. పని ముగిస్తే వీడియో గేములు. అరవై దాటినవాడు దేవుళ్లు, రాక్షసులు కొట్టుకునే ఆటలు ఆడటమేమిటని నేను విసుక్కునేదాన్ని. బ్యాంకులో లెక్కలు సరిచూస్తూ జీవితం గడిపినదాన్ని, పైసా తేడా వస్తే ఊరుకోను. వాడు నవ్వి, “ఆడుడు కాదక్కా, మార్చుడు” అనేవాడు.

ఒక ఆటలోని మనిషిని తీసుకెళ్లి ఇంకో ఆటలో నిలబెట్టడం వాడి సరదా. ఆటంటే పిచ్చి ఉన్నవాళ్లు ఇలా సొంతంగా చేసి ఊరికే పంచుకునే మార్పుల్ని మాడ్స్ అంటారని నాకు వాడే చెప్పాడు. మన పురాణాల తరహా ఆటలో రాక్షసుల్ని చంపే దేవి ఒకామె ఉంది. ఆమెను మంచుదేశపు దేవతల ఆటలోకి, గొడ్డలి పట్టిన గడ్డం వీరుడి స్థానంలోకి తెచ్చాడు. తను గీసిన అంచుతో చీర కట్టాడు.

చూడటానికి పిలిచాడు. ఆమె ఆయుధం ఎత్తినప్పుడల్లా చెయ్యి చీరను చీల్చుకుని బయటికొస్తోంది.

“ఏందిరా గిది? పైట కుడిభుజం మీదెందుకు ఏసినవ్?”

“ఈడ అందరు గట్లనే ఏస్కుంటరు గదక్కా.”

“ఈడోళ్లు గొడ్డలి పడ్తున్నరా? కుడిచెయ్యి ఖాళీగుండాలె. మనలెక్క ఎడమకు ఎయ్యి. కొంగు నడుముల దోపు.”

వాడు నెత్తి కొట్టుకున్నాడు. “ఎన్నాళ్లసంది తప్పెక్కడుందో ఎతుకుతున్న. సూరత్‌ల పెరిగి గుజరాతీ పైటేసిన సూడు.”

పైట మారింది. నడక మాత్రం మారలేదు. పైన శరీరం దేవిదైనా లోపలి ఎముకల కదలిక పాత వీరుడిదే. పట్టుచీర కట్టుకున్న పహిల్వాన్‌లా ఉంది. “ఒళ్లు మార్చొచ్చక్కా, నడక మార్చుడే కష్టం,” అని మౌస్ పక్కకు నెట్టాడు. తరువాత నా వైపు చూడకుండా అడిగాడు.

“అమ్మ ఎట్ల నడిచేది?”

వాడు పాలు మరవకముందే అమ్మ పోయింది. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటోలో ఆమె కూర్చుని ఉంటుంది. ఇన్నేళ్లలో వాడు ఎన్నడూ ఆ మాట అడగలేదు. నేనేదో వర్ణించబోయాను.

“చెప్పకు. నడిచి చూపియ్యి,” అని ఫోన్ తీశాడు.

మేడ మీద నడిచాను. అమ్మ ఎడమ నడుము మీద నూలు కండెల గంప పెట్టుకుని మగ్గాల మధ్య తిరిగేది. గంప లేనప్పుడు కూడా ఆ పక్క నడుము కొంచెం బయటికే ఉండేది. అలాగే నడవబోతే పక్క మేడ మీది గుజరాతీ ఆవిడ “బెన్, పగ్ దుఖే ఛే?” అంది. కాలు నొప్పేమో అనుకుంది పాపం.

తమ్ముడు ఫోన్ దించకుండానే జవాబిచ్చాడు. “నా, బెన్, అమారీ బా చాలే ఛే.” కాదు, మా అమ్మ నడుస్తోంది అని.

ఆ తరువాత రోజూ పైకి పిలిచేవాడు. బూడిదరంగు నేల మీద బొమ్మను నడిపించి, “ఇప్పుడు?” అనేవాడు.

“కాదు. భుజం లేస్తుంది.”

“ఇప్పుడు?”

“గంప పట్టుకొని గంత తొందరేందిరా? కండెలన్ని కింద పడ్తయి.”

“పాస్ మార్కులు ఎయ్యవా ఏంది?”

వెయ్యలేదు. రానిదాన్ని వచ్చిందని నేను అననని వాడికి తెలుసు. అందుకే నన్ను అడిగేవాడు. మర్నాడు ఇంకొంచెం దిద్దేవాడు. కడోదరా వెళ్లే రోజు పొద్దున మెట్లు దిగుతూ, “వచ్చినంక చూడక్కా, ఈసారి ఆట లోపల్నే చూపిస్త,” అన్నాడు.

కర్మలు అయ్యాక మనవరాలితో ఆ కంప్యూటర్ తెరిపించాను. తెల్లటి మంచు. దేవి నిలబడి ఉంది, మాకు వీపు పెట్టి. ఇటు తిరగమని చెప్పవే అన్నాను.

“తిరగదు నానమ్మా. ఈ గేమ్‌ల మనం ఆమె ఎనకాలనే పోవాలె. ఇగో, ఈ రిమోట్ మీది పుల్లను ముందుకు నొక్కు.”

నొక్కాను. ఎడమ నడుము కొంచెం బయటికి, భుజం కదలకుండా, తొందర లేకుండా ఆమె నడిచింది. అమ్మ. నేను చిన్నప్పుడు మగ్గాల సందుల్లో వెనకాలే తిరుగుతూ చూసిన అమ్మ. తమ్ముడికి ఆ వీపు వెంట నడిచే వయసు రాలేదు. ఆ నడక కుదిర్చాడు, అమ్మను నడిపించాడు, వెళ్లిపోయాడు.

“గట్టిగ నొక్కు, ఉరుకుతది,” అంది మనవరాలు.

వద్దన్నాను. బొటనవేలు మెల్లగా ఆనించి ఉంచాను. మంచు మీద ఒక్కొక్క అడుగే పడుతోంది. ఆమె పోతూనే ఉంది.