తండా పిల్లలకు కంఠతా వచ్చిన పన్నెండు మాటలు

ఈ రోజు నా గుండె ఆగినంత పనైంది.

నర్మెట్ట దగ్గరి ఒక తండాలో మేం సాయంత్రం బడి నడుపుతున్నాం. పిల్లల పుస్తకాలకనీ బస్సు పాసులకనీ, ముక్కూ మొహం తెలియని ఒక ఆన్‌లైన్ గ్రూపువాళ్లు క్రిప్టో అనే డిజిటల్ డబ్బు పంపారు. ఆ ఖాతా తెరవాలంటే పన్నెండు ఇంగ్లిషు మాటలు వరసగా కొట్టాలి. అవి తెలిసినవాడెవడైనా మొత్తం ఊడ్చుకుపోవచ్చు. అందుకే చీటీ మీద రాసి హాజరు రిజిస్టర్లో దాచాను.

ఇవాళ జనగామ వెళ్లి వచ్చేసరికి ఆ పన్నెండూ బోర్డు మీదున్నాయి. పిల్లలు గొంతు చించుకుని వల్లెవేస్తున్నారు!

"ఏంది లలితక్కా గిది?" అని మా టీచరమ్మను అడిగాను.

"మీరు పెట్టిపోయిన ఇంగ్లిషు పాఠమే గద సార్! ఒక్కరు గూడ తప్పుతలేరు. అమ్మానాయినల వాట్సాప్ గ్రూపుల వీడియో గూడ పెట్టిన."

అక్కడే నా ఫోన్లో కొత్త ఖాతా తెరిచి అంతా అందులోకి మార్చాను. పైసా పోలేదు. దానికి మళ్లీ పన్నెండు మాటలు వచ్చాయి. అవి చీటీ మీద రాస్తుంటే రెండో తరగతి అంజలి నా భుజం మీదుగా తొంగిచూసింది.

"సార్, గివి రేపటియా?"

ఈ చీటీ ఎక్కడ దాచాలో మీరే చెప్పండి. కామెంట్లో మాత్రం వద్దు, లలితక్క చదువుతుంది.