ఆయన పేరున మోగుతున్న పాటలు

ఆయన పోయి నెల తిరక్కుండానే మా డైనింగ్ టేబుల్ ఒక చిన్న ఆఫీసయిపోయింది. ఒక శనివారం పొద్దున్న ఆయన స్నేహితులు లాప్‌టాప్‌లు పట్టుకుని వచ్చారు. మా క్యారీ ఊళ్ళో తెలుగువాళ్ళకి ఇదొక ఆనవాయితీ. ఎవరింట్లోనైనా ఇంటాయన హఠాత్తుగా పోతే మొదటి వారాల్లో ఆడవాళ్ళు వంటలు తెచ్చిపెడతారు, తర్వాత మగవాళ్ళు వచ్చి పాస్‌వర్డ్‌ల పని పడతారు. బ్యాంకు, ఇన్సూరెన్సు, కరెంటు, జిమ్ము, ఒక్కొక్కటీ తెరిచి కొన్ని నా పేరుకి మార్చారు, అక్కర్లేనివి మూసేశారు. మంచివాళ్ళు. వాళ్ళు లేకపోతే ఏమైపోయేదాన్నో. అయినా వాళ్ళు ఒక్కొక్కటీ మూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని కొంచెం కొంచెంగా ఇంట్లోంచి ఖాళీ చేస్తున్నట్టనిపించింది.

వాళ్ళలో ఒకతను స్క్రీన్ మీంచి తలెత్తకుండానే అడిగాడు. "వదినా, ఈ మ్యూజిక్ సబ్‌స్క్రిప్షన్ కూడా క్యాన్సిల్ చేసేద్దామా? ఎలాగూ పాటలన్నీ ఫ్రీగా దొరుకుతాయి."

"దాన్ని ముట్టుకోకండి," అన్నాను. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది.

అతను కంగారుపడ్డాడు. "సరే వదినా, ఉంచేద్దాం. మీ కార్డ్ యాడ్ చేస్తాను."

తమాషా ఏమిటంటే, ఆ పాటల యాప్ అంటే నాకు మొదటినుంచీ మంట.

పెళ్ళికి ముందు నేను న్యూజెర్సీలో ఎమ్మెస్ చదివాను. అక్కడ మనవాళ్ళ దుకాణాలుండే ఐసెలిన్‌కి కూరగాయలకని వెళ్ళి, మిగిలిన చిల్లరతో సీడీ కొనుక్కునేదాన్ని. ఓక్ ట్రీ రోడ్డులో ఒక చీరల షాపు పక్కన సన్నటి కొట్టు ఉండేది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయట ఆగాల్సిందే. కొన్న సీడీలు రూమ్‌మేట్లు ఎత్తుకుపోతారని ప్రతిదాని మీదా స్కెచ్ పెన్‌తో నా ఇంటిపేరు రాసుకున్నాను. పెళ్ళయ్యాక అన్ని కాగితాల్లోనూ ఇంటిపేరు మారింది. సీడీల మీద మాత్రం పాతదే ఉండిపోయింది. "మీ పుట్టింటి ఆస్తంతా ఇదేనోయ్," అని ఆయన ఆటపట్టించేవారు.

నార్త్ కరోలినాకి మారేటప్పుడు గొడవ వచ్చింది. అప్పటికే ఆయన సీడీలన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించేశారు. ఇంక ఈ డబ్బాలెందుకు, ట్రక్కులో చోటు దండగ అన్నారు. ఎందుకిచ్చెయ్యాలి అని నేను ఎదురుతిరిగాను. నాకు పాట ఒక్కటే చాలదు. అట్ట మీద బొమ్మ కావాలి, లోపలి కాగితంలో ఏ పాట ఎవరు రాశారో చిన్న అక్షరాల్లో చదువుకోవాలి, నాది అని చేత్తో పట్టుకోవాలి. అది చెబితే ఆయన నవ్వారు.

"ఎక్కడికీ పోవోయ్. అన్నీ ఇందులోనే ఉంటాయి."

రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత సామాన్లు సర్దే విసుగులో సరే అనేశాను. నా సీడీలు ఒక పాత టోస్టర్‌తో కలిసి డొనేషన్ సెంటర్‌కి వెళ్ళాయి. ఆ అట్టల మీద లిపి కూడా తెలియనివాళ్ళు వాటినేం చేసుకున్నారో నాకిప్పటికీ తెలియదు. కొన్నేళ్ళకి ఆ కంప్యూటర్ హార్డ్ డ్రైవ్ కూడా టిక్కుటిక్కుమంటూ ఆగిపోయింది. "పోతే పోనీ, నెలనెలా కడితే లోకంలో ఉన్న పాటలన్నీ మనవే," అన్నారాయన. కట్టడం మానేసిన రోజున అవి ఎవరివి? అరువు సొమ్ము బరువు చేటు అన్నాను. ఆయన అప్పటికే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నారు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పోయారు కదా అని ఆయన చేసింది ఒప్పని నేనిప్పుడు చెప్పబోను. ఆయన లిస్టులు మాత్రం బాగుండేవి. పాటలు ఏరి, వరస చూసుకుని, ఒక్కోదానికీ ఒక పేరు పెట్టేవారు. "ఆదివారం వంట", "ఐ-ఫార్టీ హైవే ట్రాఫిక్", "ఆవిడ అలిగినప్పుడు". నాతో పోట్లాట అయినప్పుడల్లా ఆ చివరిది వంటింటి స్పీకర్‌లో మోగేది. మొదటి పాటకే నాకు నవ్వొచ్చేసేది. అది కనబడకుండా గిన్నెలు దబదబా పడేసేదాన్ని.

అన్నిటికన్నా పొడుగైన లిస్టు పేరు "ఈత క్లాసు". మా అబ్బాయిని ఏళ్ళ తరబడి పక్క ఊరు మోరిస్‌విల్‌లో ఈత క్లాసుకి తీసుకెళ్ళిన పాటలవి. చిన్నప్పుడు వాడు వెనక సీట్లో కూర్చుని గొంతు కలిపేవాడు. టీనేజ్ వచ్చాక ముందు సీట్లోకి మారి, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని కిటికీలోంచి బయటకి చూసేవాడు. "నాట్ దిస్ అగెయిన్, నాన్నా," అని విసుక్కునేవాడు. ఆయన పాడుతూనే డ్రైవ్ చేసేవారు.

నా బెంగంతా వాడి గురించే. వాడు ఒహాయోలో కాలేజీ రెండో ఏడు చదువుతున్నాడు. కబురు తెలియగానే ఫ్లైట్ ఎక్కి వచ్చాడు. ఇక్కడ చితి పేర్చడం ఉండదు, ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు చూపించిన బటన్‌ని కొడుకు నొక్కాలి. నొక్కాడు. వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకున్నాడు. కంట తడి లేదు. "ఎంత ధైర్యమో పిల్లాడికి," అని వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకెందుకు? తండ్రి పోతే ఏడవని పిల్లాణ్ణి చూసి నాకు భయమేసింది.

తిరిగి కాలేజీకి వెళ్ళాక కూడా అంతే. రోజూ ఫోన్ నేనే చెయ్యాలి. "ఐయామ్ ఫైన్ అమ్మా. తిన్నాను. నువ్వు తిన్నావా? క్లాస్ ఉంది." ఇంతే మాటలు. నాన్న అన్న మాట వాడి నోట రాలేదు. నేనెత్తితే మాట మార్చేసేవాడు. ఎవరితోనైనా మాట్లాడు, కాలేజీలో కౌన్సెలర్లు ఉంటారుగా అంటే, "వై? ఐయామ్ ఫైన్," అనేవాడు. ఆ ఫైన్ అన్న మాట వింటేనే నాకు నిద్ర పట్టడం మానేసింది. లోపల ఏం కుక్కుకుంటున్నాడో, అది ఎప్పుడు ఎలా బయటపడుతుందో అని ఒకటే గుబులు.

ఆయన ఫోన్‌కి ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను. ఇంటినుంచి పనిచేస్తున్న ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి ఆ పాటల యాప్ తెరిచాను. పైన "మీ కోసం" అంటూ కొత్త పాటలు పేర్చి ఉన్నాయి. మనిషి లేడన్న సంగతి దానికెవరూ చెప్పలేదు. ఆయనకి నచ్చే నిదానపు పాటలే, వేణువుతో మొదలయ్యేవే, ఏరి మరీ పెట్టింది. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన ఇష్టాలు ఇంకా బతికున్న చోటు అదొక్కటే అనిపించి, రోజూ అందులోనే పాటలు పెట్టుకోవడం మొదలుపెట్టాను. పొద్దున్న స్తోత్రాలు, మధ్యాహ్నం నా కాలేజీ రోజుల హుషారు పాటలు.

వారం తిరిగేసరికి "మీ కోసం" మారిపోయింది. వేణువు లేదు. స్తోత్రాలు, డాన్సు పాటలు. ఆయన్ని నేనే తుడిచేస్తున్నానని తెలిసింది. నేను ఒక మందుల కంపెనీలో డేటా పని చేస్తాను. ఇలా అవుతుందని తెలియనిదాన్ని కాదు, ఆలోచించలేదంతే. సీడీని వందసార్లు విన్నా మహా అయితే ఒక గీత పడుతుంది. అది మన అలవాట్లు నేర్చుకుని ఇంకొకళ్ళదిగా మారిపోదు. ఇది వింటే మారుతుంది. ఆయన్ని ఉంచుకోవాలంటే వినకూడదు.

వినడం మానేశాను. రోజుకోసారి తెరిచి, పాటల పేర్లు చదువుకుని, మూసేసేదాన్ని. పాటల్ని కళ్ళతో చూసి తృప్తిపడే ఖర్మ ఇంకెవరికీ పట్టి ఉండదు. విచిత్రంగా, కొన్నాళ్ళకి వేణువు పాటలు మళ్ళీ పైకి వచ్చాయి. నేను విన్నవాటిని అది మరిచిపోయిందనుకుని సంతోషించాను.

పైన్ చెట్ల పుప్పొడి రాలే రోజులొచ్చాయి. కదిపేవాళ్ళు లేక ఆయన కారు డ్రైవ్‌వేలో పసుపు పూసుకుని నిలబడి ఉంది. ఒక రోజు లంచ్‌కి లేచి, అలవాటుగా ఆయన ఫోన్ తెరిచాను. స్క్రీన్ అడుగున ఒక సన్నటి గీత కదులుతోంది. మరో డివైస్‌లో పాట ప్లే అవుతోందని రాసి ఉంది. పాట "ఈత క్లాసు" లోది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఒక్క క్షణం ఆయనే అనుకున్నాను. ఆ వెంటనే ఆఫీసులో ఏటా చెప్పే సెక్యూరిటీ పాఠాలు గుర్తొచ్చాయి. పోయినవాళ్ళ అకౌంట్ల మీద దొంగల కన్ను ఉంటుందని ఆ స్నేహితులు కూడా హెచ్చరించి వెళ్ళారు. ఎవడు వీడు, మా కారు పాటలు వినడానికి? కోపంతో పాస్‌వర్డ్ మార్చేశాను. మిగతా అన్ని డివైస్‌ల నుంచీ లాగౌట్ చేయాలా అని అడిగింది. అవునని నొక్కాను. గీత ఆగిపోయింది. దొంగవెధవని తరిమేశానన్న గర్వంతో కంచంలో అన్నం పెట్టుకున్నాను.

రెండు ముద్దలు తిన్నానో లేదో నా ఫోన్ మోగింది. మా అబ్బాయి. తిరిగి వెళ్ళాక వాడంతట వాడు ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి.

"అమ్మా, నువ్వు ఏమైనా చేశావా? నాన్న సాంగ్స్ ఆగిపోయింది."

"ఏ పాటలు కన్నా?"

"నా లాప్‌టాప్‌లో. నాన్నది లాగిన్ అయి ఉండేది కదా. ఇట్ కిక్డ్ మీ అవుట్. పాస్‌వర్డ్ అడుగుతోంది, నాకు తెలీదు. అమ్మా, అది పోయిందా?"

వాడు కాలేజీకి పట్టుకెళ్ళింది వాళ్ళ నాన్న పాత లాప్‌టాప్. ఆ మాటే నాకు గుర్తు రాలేదు.

"పోలేదు, పోలేదు, పాస్‌వర్డ్ నేనే మార్చాను," అంటున్నాను. వాడు వినిపించుకునే స్థితిలో లేడు.

"రోజూ వింటాను అమ్మా. లంచ్ టైమ్‌లో. కారులో లాగా. ఇప్పుడు అది కూడా వెళ్ళిపోయింది అనుకున్నాను."

ఏడ్చాడు. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే ఏడ్చినట్టు, ఎక్కిళ్ళు పెట్టి, గొంతు దాచుకోకుండా ఏడ్చాడు. నేను ఎంగిలి చెయ్యి అలాగే ఎండిపోతుంటే నిలబడి విన్నాను. గుండె తరుక్కుపోతోంది. ఆ వెనకే, ఇన్నాళ్ళకి ఏడ్చాడు కదా అని ఊరటగా కూడా ఉంది.

వేణువు పాటలు ఎందుకు తిరిగొచ్చాయో అప్పుడర్థమైంది. యాప్ ఏదీ మరిచిపోలేదు. అక్కడ వీడు వింటున్నాడు. నా సీడీలు నాకే ఉండి ఉంటే అవి నా బీరువాలో ఉండేవి, వీడు ఎక్కడో ఒంటరిగా ఫైన్ ఫైన్ అంటూ ఉండేవాడు. ఆయన ఉంటే చూశావా అని ఎంత ఎగిరేవారో.

కొత్త పాస్‌వర్డ్ ఒక్కో అక్షరమే చెప్పాను. రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారికి తెరుచుకుంది.

"నువ్వు కూడా విను అమ్మా. స్పీకర్‌లో పెడతాను. డోంట్ హ్యాంగ్ అప్."

ఫోన్‌ని లాప్‌టాప్ పక్కన పెట్టినట్టున్నాడు. పాట సన్నగా, దూరంగా వినిపించింది. వాడు చీదుకుంటున్న చప్పుడూ వినిపిస్తోంది. ఒక పాట అయింది, ఇంకోటి అయింది. దాని వెనకే ఒక హుషారు పాట మొదలైంది.

"వెయిట్," అని ఆపాడు. "ఇక్కడ ఇంకో పాట ఉంటుంది కదా? పూల్ దగ్గర టర్న్‌లో వచ్చేది. నాన్న లౌడ్‌గా పాడేవాడు. లాస్ట్ వీక్ కూడా వచ్చింది. ఇప్పుడు గ్రేగా ఉంది. నొక్కితే నాట్ అవైలబుల్ అంటోంది."

ఆయన ఫోన్‌లో చూశాను. నిజమే, ఆ పేరు బూడిదరంగులోకి తిరిగింది. పాటల కంపెనీకీ యాప్‌కీ మధ్య ఏ ఒప్పందం తెగిపోయిందో మనకెవరు చెబుతారు? వాడు వెతికాడు. ఇంకెవరో పాడింది దొరికింది. అరనిమిషం విని, ఇది కాదు అని ఆపేశాడు.

"మన దగ్గర సీడీ ఉందా?"

ఐసెలిన్‌లో కొన్నది. నా ఇంటిపేరు రాసుకున్నది. "ఉండేది," అన్నాను. "ఈ ఊరికి వచ్చేటప్పుడు ఇచ్చేశాం. అప్పటికి నువ్వు చాలా చిన్నవాడివి."

"వై? ఎందుకు ఇచ్చేశారు?"

నేను ఆయన్ని అడిగిన ప్రశ్నే. దానికి జవాబు ఆయనే చెప్పాలని ఇన్నేళ్ళుగా సాధిస్తూ వచ్చాను. ఇప్పుడు చెప్పాల్సింది నేను. మీ నాన్నే ఇచ్చేశారని అనడానికి నోరు రాలేదు.

"ఎక్కడికీ పోవనుకున్నాం కన్నా," అన్నాను.

వాడు తర్వాతి పాట నొక్కాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.