గాజు కిటికీలో తొమ్మిది దీపాలు

సౌదీలో, తబూక్ బజారులోని ఆ షాపులో ఇద్దరం పనిచేసేవాళ్ళం. నేను ప్రొద్దుటూరువాణ్ణి. అతను హైదరాబాదు పాతబస్తీ. ఒకరి మొహం ఒకరికి గిట్టేది కాదు. గిన్నెలు, దీపాలు, సాంబ్రాణి కుంపట్లు అమ్మే ఆ షాపు మా కఫీల్ పేరు మీద ఉండేది, అంటే మమ్మల్ని వీసా మీద తెప్పించుకున్న అరబ్బు యజమాని. మా ఇకామాలు అనే అనుమతి కార్డులు, మా రాకపోకలు, మా పూటకూడు అన్నీ ఆయన చేతిలోనే.

సొంత దేశపువాళ్ళను ఎందరిని పెట్టుకున్నారో చూసే నితాఖత్ చట్టం వచ్చాక షాపులకు రంగులు వేశారు. మాది పచ్చ నుంచి పసుపులోకి జారింది. ఆపైన పరాయి దేశంవాడి తలకింత అని లెవీ పన్ను. ఒకరోజు కఫీల్ టీ తాగుతూ, పంచదార తక్కువైందన్నంత మామూలుగా చెప్పాడు. చలి పోయేలోగా మీ ఇద్దరిలో ఒకరికే ఇకామా కొత్తది చేయిస్తాను, రెండోవాడి కుర్చీలో మా దేశపు కుర్రాడు కూర్చుంటాడు, ఎవరన్నది చూసి చెబుతాను అన్నాడు.

ఆ "చూసి" అన్న మాట పట్టుకుని మేము కుక్కల్లా కొట్టుకున్నాం. అంతకుముందు ఊరికే అసహ్యించుకునేవాళ్ళం. ఇప్పుడు కారణం కూడా దొరికింది.

మా తాత, నాయన, చిన్నాన్నలు అందరూ కొట్ల మీద కూర్చున్నవాళ్ళే. నా నిఖా మాటల్లో పెళ్ళికూతురికి నేనివ్వాల్సిన మహర్ ఎంతో మామగారు చెప్పగానే అలవాటుకొద్దీ తల అడ్డంగా ఊపానని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. ఆ చలికాలం కఫీల్ దగ్గర మార్కులు కొట్టేద్దామని జిద్దా టోకు బజారులో మూత తీయని పెట్టెలు ఒక లాటుగా బేరమాడి తెచ్చాను. తెరిచి చూస్తే సగం కుంపట్లు, సగం కొవ్వొత్తి స్టాండ్లు. వాటిలో ఒక్కటి మాత్రం పెద్దది, ఇత్తడి రంగుది. ఒకే వరసలో ఎనిమిది కొమ్మలు, మధ్యలో ఇంకాస్త ఎత్తుగా తొమ్మిదోది.

నేను ధర చీటీ అంటించేలోపే అతను దాన్ని వీధివైపు గాజు కిటికీలో పెట్టేశాడు. సాయంత్రం మగ్రిబ్ నమాజు కాగానే తొమ్మిది కొవ్వొత్తులూ వెలిగించాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూడసాగారు.

"గిట్ల పెడితే గిరాకీ వస్తది మియా. నువ్వు కొనుడే నేర్చినవ్, సూపెట్టుడు నేర్వలే."

"నేను కొనకుంటే ఏం చూపిస్తావప్పా, నీ మొహమా?"

"నా మొహం సూసినా వస్తరు. నీ మొహమే గోడ దిక్కు తిప్పి పెట్టాలె."

అతను రొట్టెలు తేవడానికి వెళ్ళినప్పుడు ఒక నర్సు వచ్చింది. భీమవరం వైపు అమ్మాయి, ఆసుపత్రిలో పని. బేరంలో నన్ను ఏడిపించగలిగిన ఏకైక ఖాతాదారు. ఆవేళ మాత్రం సరుకుల వైపే చూడలేదు.

"అన్నయ్యా, ఆ కిటికీలోది ఎవరు పెట్టారండీ?"

"నచ్చిందా సిస్టర్? నీకైతే తగ్గిస్తాలే."

"తగ్గించడం కాదండీ బాబూ, ముందు ఆర్పండి. అది యూదుల పండగ దీపం! ఈ దేశంలో ఎవరైనా గుర్తుపడితే మీ పని అంతేనండీ."

ఆర్పాను. వేళ్ళతోనే వత్తులు నులిమేశాను. కాలిందన్న సంగతి తర్వాత తెలిసింది. నీకెలా తెలుసని గద్దించాను. ఆమె గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. వాళ్ళక్క ఇజ్రాయెల్లో ఒక ముసలావిడకు సేవ చేసే పనిలో ఉందట. ప్రతి చలికాలం ఆ పండగ కబుర్లు ఫోన్‌లో చెబుతుందట. "మా అక్క అక్కడుందని పైకి అనకండన్నయ్యా, దణ్ణం పెడతాను," అంది.

అప్పుడు చెప్పింది. పూర్వం గ్రీకుల వైపు రాజొకడు వాళ్ళ ఆరాధనను నిషేధించి, వాళ్ళ గుడిలో తన దేవుడి బొమ్మ పెట్టించాడట. ఒక పూజారి, అతని కొడుకులు కొండల్లోకి పోయి తిరగబడ్డారు. ఏళ్ళ తరబడి కొట్లాడి గుడిని వెనక్కి తెచ్చుకున్నారు. కడిగి శుద్ధిచేసి దీపం పెట్టబోతే ముద్ర చెదరని, మైలపడని నూనె ఒక్క కూజాలోనే ఉంది, ఒక్కరోజుకు సరిపడా. అది ఎనిమిది రోజులు వెలిగింది. అందుకే ఎనిమిది రాత్రుళ్ళు, రోజుకొకటి పెంచుకుంటూ వెలిగిస్తారు. "ప్రభువు కూడా ఆ పండగప్పుడు, చలికాలంలో, గుళ్ళో నడిచాడని మా సువార్తలో ఒక ముక్క ఉందండి," అంది.

"ఒక్కరోజు నూనె ఎనిమిది రోజులా? మా చిన్నాన్నకు తెలిసింటే నూనె కొట్టు మూసేవాడే కాదు."

"మీకన్నీ కొట్లేనండీ," అని విసుక్కుంది. ఆ రోజుల్లో అన్నీ నూనెలో వేయించినవే తింటారట. పిల్లలు నాలుగు పలకల బొంగరం తిప్పుతారట. దీపాల వెలుగులో ఏ పనీ చేయకూడదు, ఊరికే చూడాలి. అవి వెలిగినంతసేపు ముసలావిడ కుర్చీ కదలదు, వాళ్ళక్కను అంట్లు కూడా తోమనివ్వదు. ఆ వెలుగులో గల్లా కూడా లెక్కపెట్టకూడదని విన్నప్పుడు ఆ పండగ మా కులవృత్తికి శత్రువని అర్థమైంది.

"మరి తొమ్మిదోది ఎందుకు?"

"అది పనివాడండీ. దాంతో తక్కినవి వెలిగిస్తారు. దాన్ని ఎనిమిదిలో లెక్కపెట్టరు."

మమ్మల్ని తలకింత అని లెక్కపెట్టే రోజుల్లో ఆ మాట విని ఆ పనివాడి మీద నాకు ఈర్ష్య పుట్టింది.

"అసలు వీధిలోకి కనబడేలా కిటికీలోనే పెడతారండీ, నలుగురూ చూడాలని. మీరు సరిగ్గా అక్కడే పెట్టారు. ప్రాణభయం ఉన్నచోట మాత్రం లోపల బల్ల మీద పెట్టుకున్నా చాలునంట."

దాన్ని తెచ్చి గల్లాపెట్టె పక్కన బల్ల మీద, కుంపట్ల వెనక పెట్టాను. పారేయడానికి మనసొప్పలేదు. సరుకును పారేసే చెయ్యి మా వంశంలో లేదు. కొమ్మలు కోయించి విడివిడిగా అమ్ముకోవచ్చని లెక్కవేశాను. రొట్టెలతో వచ్చినవాడు ఎందుకు తీశావని అరిచాడు. నీ తెలివికి కొవ్వొత్తులన్నీ దండగైపోతున్నాయని నేనూ అరిచాను. నిజం చెబితే అతను తిన్నగా కఫీల్ దగ్గరికి పోయి, వీడే తెచ్చాడని చెబుతాడు. వాడే వెలిగించాడని నేను చెప్పుకోవాలి. అప్పుడు నీకెవరు చెప్పారని అడుగుతారు, నర్సు అక్క సంగతి బయటపడుతుంది.

మర్నాడు కఫీల్ వచ్చి నేరుగా ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు. కుంపట్లు జరిపి దాన్ని బయటికి లాగాడు. బాగుంది, ఊరిబయట నా గుడారంలో పెడతాను, శుక్రవారాలు అతిథులు వస్తారు, ధరెంత అన్నాడు.

ఆ అతిథుల్లో ఒక్కడికి తెలిసినా నా గతేమిటి? నాకు తెలిసిన విద్య ఒక్కటే. సరుకును తిట్టాను. పూత నాసిరకం, నెలలో నల్లబడుతుంది, ఇంతకన్నా మంచిది తెప్పిస్తానన్నాను. ఆయన మొహం మారింది.

"నా షాపులో నాసిరకం సరుకు పెట్టావా?"

మాట తప్పుదారి పట్టిందని, బేరం చెడగొడదామని ఏ మతిలేనివాడూ ఇవ్వనంత ధర చెప్పాను. కఫీల్ నా వైపు, షాపు గోడల వైపు, మళ్ళీ నా వైపు చూశాడు. తన షాపులో తన సరుకు తనకే అమ్ముతున్నానని అప్పుడు గుర్తొచ్చింది.

హైదరాబాదువాడు అప్పటికే పెట్టె, గడ్డి తెచ్చేశాడు. "షేక్, మీ షాపు, మీ వస్తువు, ధరేంది?" అని అరబ్బీలో అంటూ కొమ్మకొమ్మకూ కాగితం చుట్టి, కారుదాకా మోసి వచ్చాడు.

ఇకామా అతనికి వచ్చింది. నాకు ఫైనల్ ఎగ్జిట్, ఇక ఇంటిదారే.

నన్ను విమానాశ్రయంలో దించిరమ్మని కఫీల్ అతన్నే పంపాడు. గేటు ముందు కారాపి అడిగాడు.

"నడ్మ పిచ్చోని లెక్క గంత ధర కైకు చెప్పినవ్? ఊకె ఇచ్చేస్తే నువ్వే ఉంటుంటివి గదా."

అది ఏ దీపమో చెప్పాను. ఎవరు చెప్పారో చెప్పలేదు.

"ముందే ఎందుకు జెప్పలే?"

"చెప్పింటే, నేనే తెచ్చినానని కఫీల్‌కు చెప్పవా?"

"జెప్తుంటి."

"అందుకే చెప్పలేదప్పా."

"అరె, శుక్రారం శుక్రారం గుడారంల అది వెలిగిచ్చేది నేనే! ఇప్పుడు నేనేం జెయ్యాలె?"

"మధ్యదాంతో తక్కినవి వెలిగించు. అదీ పద్ధతి."

అమ్మనా బూతులు తిట్టాడు. తలుపు కూడా తీయలేదు. నా సామాను నేనే దించుకున్నాను. లోపల ఎగ్జిట్ ముద్ర కొట్టిన కుర్రవాడు నా మొహం వైపైనా చూడకుండా తర్వాతివాణ్ణి పిలిచాడు.